ముందు మనుషులమే కదా, మధ్యలో ఈ జెండర్ ఎందుకు? ఓపీ గదిలోంచి ఒక జవాబు

మీరు అడిగింది ఇదీ: ఎం.ఏ.లో జెండర్ స్టడీస్ పేపరు చదువుతున్నారు. మనిషి అంటే ఎవరన్న మన అవగాహననే జెండర్, అంటే ఆడా మగా ఇలా ఉండాలని సమాజం పెట్టుకున్న ఆలోచన, తయారుచేస్తుందని పాఠంలో ఉంది. మీకది మాటల గారడీలా ఉంది. ముందు మనుషులం, తర్వాతే కదా ఆడా మగా, బతుకులో నిజంగా ఏం తేడా పడుతుంది అన్నది మీ మొదటి ప్రశ్న. అన్నిటినీ ఇలా విడదీసుకుంటూ పోతే ‘మనిషి’ అనే ఉమ్మడి మాటే మిగలదు కదా అన్నది రెండోది.

నేను సిద్ధాంతాలు చదువుకున్నదాన్ని కాను. జనరల్ మెడిసిన్ డాక్టర్ని. సర్వీసంతా గవర్నమెంటు ఆసుపత్రుల్లోనే గడిచింది. నాకు తెలిసిన వైపు నుంచే చెప్తాను. పేషెంట్ల సంగతులు కొన్ని వస్తాయి, గుర్తుపట్టే వివరాలన్నీ మార్చేశాను.

సూటిగా చెప్పాలంటే, తేడా పడుతుంది. ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చేంత. ‘మనిషి’ అనగానే మన బుర్రలో ఒక బొమ్మ పడుతుంది. ఆ బొమ్మ మగవాడిది. దానికి గర్భసంచి తగిలిస్తే ఆడమనిషి అయిపోతుందనుకుంటాం. ఆ రెంటిలోనూ ఇమడనివాళ్లు అసలు బొమ్మలోకే రారు. దీనివల్ల వైద్యంలో జరిగేది విచిత్రంగా ఉంటుంది: శరీరాలు నిజంగా వేరుగా ఉన్నచోట ఒకటే అనుకుని మందిస్తాం, ఒకటే అయినచోట వేరనుకుని పక్కన పెడతాం. 

మొదటి రకం ముందు చెప్తాను.

ఎంబీబీఎస్ ఫస్టియర్‌లో ఒంట్లో నీళ్లెన్ని, రక్తమెంత, గుండె నిమిషానికి ఎన్ని లీటర్లు పంపు చేస్తుంది అన్న లెక్కలన్నీ 70 కిలోల మగవాడి మీదే నేర్చుకున్నాం. అనాటమీ పుస్తకంలో చెయ్యి, కాలు, మెడ, ఛాతీ అన్నీ మగ బొమ్మలే. ఆడ శరీరం రొమ్ముల దగ్గర, కటి భాగం దగ్గర మాత్రం కనబడేది. క్లాసులో సగం మంది అమ్మాయిలమే, అయినా మాకెవరికీ అది వింతగా తోచలేదు. ఈ అలవాటు చాలా పాతది. ఆడది అంటే సరిగా తయారవని మగవాడు అన్నట్టుగా అరిస్టాటిల్ రాశాడు. రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్, ఆడవాళ్లవీ మగవాళ్లవీ అవే అవయవాలనీ, వేడి చాలక ఆడవాళ్లలో లోపలే ఉండిపోయాయనీ చెప్పాడు. అనాటమీ పండితుడు వెసాలియస్ స్వయంగా శవాలు కోసి చూసినవాడు. ఆయన 1543లో అచ్చు వేయించిన బొమ్మల్లో కూడా ఆడవాళ్ల జననాంగం అచ్చం మగవాళ్లదాన్ని తిరగేసినట్టే ఉంటుంది. ఎదురుగా కోసి పెట్టుకుని కూడా, బుర్రలో ఉన్నదే గీయించాడన్నమాట.

ఇదంతా చరిత్ర అని వదిలేయొచ్చు. మందుల సంగతి వదిలేయలేం. 1950ల చివర్లో, 60ల మొదట్లో థాలిడమైడ్ వేసుకున్న గర్భిణులకు వేలమంది పిల్లలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుట్టారు. ఆ భయం పోలేదు. 1977లో అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ, పిల్లలు పుట్టే అవకాశమున్న ఆడవాళ్లని మందుల తొలిదశ పరీక్షల్లోకి తీసుకోవద్దని చెప్పింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ లెక్కలోకి పెళ్లికానివాళ్లూ వచ్చారు, గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్లూ వచ్చారు, చివరికి భర్తకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయినవాళ్లూ వచ్చారు. గర్భసంచి ఉంటే చాలు, మిగతా మనిషి కనబడలేదు. 1993లో గానీ ఆ నిబంధన పోలేదు. ఈలోగా మగవాళ్ల మీద పరీక్షించిన మోతాదులే ఆడవాళ్లూ మింగారు. మన దగ్గర అమ్మే మందుల్లో కూడా కొన్నిటి మోతాదులు ఆ పరీక్షల నుంచే వచ్చాయి.

జోల్పిడెమ్ అని నిద్రమాత్ర ఉంది. అమెరికాలో దానికి 1992లో అనుమతి వచ్చింది. ఆడవాళ్ల ఒంట్లోంచి అది నెమ్మదిగా బయటికి పోతుంది, తెల్లారి కారు నడిపేటప్పుడు కూడా కొందరికి మత్తు వదలదు. అందుకని ఆడవాళ్లకు 10 మిల్లీగ్రాములు కాదు, 5 చాలని ఎఫ్‌డీఏ 2013లో చెప్పింది. అప్పటిదాకా ఇరవై ఏళ్లపాటు ఆ మాత్ర వాడిన ఆడవాళ్లకి రాసింది రెట్టింపు మోతాదన్నమాట.

ఆస్పిరిన్ కథ ఇంకా బాగుంటుంది. 1989లో అమెరికాలో పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 22,071 మంది డాక్టర్లు, అందరూ మగవాళ్లే. ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో మొదటిసారి గుండెపోటు 44 శాతం తగ్గింది. ‘ఆస్పిరిన్ మనిషికి గుండెపోటు రాకుండా ఆపుతుంది’ అని ప్రపంచమంతా చెప్పుకుంది. ఆడవాళ్ల మీద అదే ప్రశ్నతో దాదాపు 40,000 మందిని చూసిన అధ్యయనం 2005లో బయటికొచ్చింది. వాళ్లలో మొదటి గుండెపోటు పెద్దగా తగ్గలేదు, పక్షవాతం మాత్రం తగ్గింది. రెండు ఫలితాలూ నిజమే. కాకపోతే మొదటిదానికి ‘మగవాళ్లలో’ అన్న మాట తగిలించాలని పదహారేళ్లపాటు చాలామందికి తట్టలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆడవాళ్లకు గుండెపోటు వస్తే ఛాతీనొప్పే ఉండదని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అది తప్పు. ఆడవాళ్లలోనూ ఎక్కువమందికి ఛాతీలోనే నొప్పి, బరువు. దాంతోపాటు దవడ లాగడం, వికారం, ఆయాసం, విపరీతమైన నీరసం మగవాళ్లకంటే ఎక్కువగా చెప్తారు. అసలు చిక్కు లక్షణాల్లో కంటే వినేవాడి చెవిలో ఎక్కువుంది.

ఒకావిడ వచ్చారు. యాభై దాటింది, షుగరుంది. రెండు రోజులుగా కింది దవడ లాగేస్తోంది, ఛాతీ బరువు, చెమటలు. అప్పటికే పంటి డాక్టరు దగ్గరికి వెళ్లారు, ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ చేశాడు. నేను ఆవిణ్ని అడుగుతుంటే పక్కన భర్త జవాబు చెప్తున్నాడు. ‘ఏం లేదు మేడమ్, అమ్మాయి పెళ్లి దగ్గరికొచ్చింది, టెన్షన్ పడతంది.’ ఆవిడ కూడా తలూపుతోంది. ఈసీజీ తీస్తే గుండెపోటు, అదీ ముందురోజుది. అదే ఛాతీబరువు ఆయనకొచ్చి ఉంటే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్లా? 108కి ఫోన్ చేసేవాళ్లు. ఆయన చెడ్డవాడేం కాదు, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ మంచం పక్కనే నేలమీద పడుకున్నాడు. గుండెపోటు అంటే ఆయన మనసులో ఉన్న మనిషి మగవాడు, అంతే.

బెర్నడీన్ హీలీ అని హృద్రోగ నిపుణురాలు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకి మొదటి మహిళా డైరెక్టరు. ఆడమనిషి తనకీ మగవాడికొచ్చినట్టే గుండెజబ్బు వచ్చిందని నిరూపించుకున్నాక గానీ సమానంగా వైద్యం అందడం లేదని ఆమె 1991లోనే రాశారు. నా ఓపీలో ఆ మాట ఇప్పటికీ పాతబడలేదు.

చిన్న సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2020లో కోవిడ్ వార్డులో పీపీఈ కిట్లు వేసుకున్నాం కదా. మా నర్సులు ఎక్కువమంది ఐదడుగులు, ఐదడుగుల రెండంగుళాలు. సూటు కాళ్ల దగ్గర మడతలు పడి తట్టుకుని పడిపోయేవాళ్లు, కళ్లద్దాలు జారి ముక్కు మీదికి వచ్చేవి. ఆరుగంటల డ్యూటీలో విప్పడానికి లేదు, నెలసరి రోజుల్లో వాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. ‘అందరికీ సరిపోయే సైజు’ అని పెట్టె మీద రాసుండేది.

ఇక రెండో రకం, ఒకటే అయినచోట వేరనుకోవడం. నా మటుకు నాకు ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే దీనికి సైన్సు తెలియకపోవడం అనే సాకు కూడా లేదు.

కిడ్నీకి ఆడా మగా లేదు. రక్తం గ్రూపు, మిగతా పరీక్షలు కుదిరితే ఎవరిది ఎవరికైనా పెట్టొచ్చు. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. ఇంట్లో పెద్దకొడుకు కిడ్నీలు పోతే వాళ్లమ్మా, భార్యా రక్తం గ్రూపు కాగితాలు పట్టుకుని నేను అడక్కముందే వస్తారు. తమ్ముడు వరండాలో నిలబడతాడు. ‘వాడు సంపాదించేవాడండీ, రేపు బరువు పని చెయ్యాలి’ అంటారు. అదే ఇంట్లో కోడలికి కిడ్నీలు పోతే డయాలసిస్ మీద నడుస్తుంది, మార్పిడి మాటెత్తితే ‘చూద్దాం మేడమ్’. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం ఇచ్చేవాళ్లు ఇష్టపూర్వకంగా ఇస్తున్నారా అని కనుక్కుంటారు. అందరూ ఇష్టమే అంటారు, అబద్ధం కూడా కాదు. ఒక ప్రాణం కోసం ఇంకొకరి ఒళ్లు కోయడం ఏ వైపు నుంచి ఏ వైపుకి సహజంగా తోస్తుందో, అక్కడుంది మీ పాఠంలో చెప్పిన సంగతి.

రక్తహీనత చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తం తక్కువ, మగవాళ్లలో 25 శాతం మందికి. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అంకె 58.8, తెలంగాణలో 57.6. నీరసం, ఆయాసం, గుండెదడ ఇంతమందికి ఉంటే అది జబ్బుగా కనబడటం మానేస్తుంది, ఆడతనంలో భాగమైపోతుంది. ‘మా ఇంట్లో ఆడాళ్లందరికీ రక్తం ఎప్పుడూ పదిలోపేనండీ’ అని చాలా మామూలుగా చెప్తారు, ఇంటిపేరు చెప్పినట్టు. మగవాడికి హిమోగ్లోబిన్ 9 ఉంటే ఎండోస్కోపీ నుంచి మొలల దాకా వెతుకుతాం, రక్తం ఎక్కడ పోతోందని. ఆమెకు ఐరన్ మాత్రలు రాసి పంపిస్తాం. నెలసరి ఎన్ని రోజులు, ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పుడు గర్భసంచి. ఇది మన రెండు రాష్ట్రాల సొంత కథ, కాస్త ఎక్కువ చెప్తాను. అదే సర్వేలో 15-49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశంలో ముందు వరసలో ఉన్నాం. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులకే ప్రత్యేకంగా జబ్బు రాదు కదా.

జరిగేది దాదాపు ఒకేలా ఉంటుంది. పదిహేడు పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, ఆ కాన్పుతోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ముప్పై దాటాక తెల్లబట్ట, నడుంనొప్పి, నెలసరి ఎక్కువగా కావడం. మందులతో తగ్గేవే చాలావరకు. స్కాన్ తీస్తే ‘సంచి వాచింది’ అంటారు. ఆ తర్వాత రెండు మాటలు పడతాయి. ఒకటి, ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్ది’. రెండు, ‘పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకది?’ మొదటిది భయపెట్టడం. రెండోది చాలామంది డాక్టర్లు, అత్తగార్లు, స్వయంగా ఆ ఆడవాళ్లు కూడా మనస్ఫూర్తిగా నమ్మేది. గర్భసంచి పిల్లల కోసం, ఆమె ఆ సంచి కోసం, పని అయిపోయింది. కూలికి వెళ్లేవాళ్లకి ఇంకో లెక్క ఉంటుంది: నెలకు నాలుగురోజులు పని పోకుండా ఉంటుంది, పొలంలో బాత్రూమ్ ఉండదు. ఆ లెక్కని నేను తప్పుపట్టను. బాత్రూమ్ కట్టాల్సింది పోయి ఒళ్లు కోయించుకునే పరిస్థితి పెట్టినవాళ్లని తప్పుపడతాను.

ఆ ఆడవాళ్లు పదేళ్ల తర్వాత నా దగ్గరికి వస్తారు. గైనిక్‌కి కాదు, మెడిసిన్ ఓపీకి. నలభై రెండేళ్లకి ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు, బీపీ. బాత్రూమ్‌లో జారితే మణికట్టు విరిగింది. అడిగితే ‘సంచి తీసేశారండీ, ఎప్పుడో’ అంటుంది. అండాశయాలు ఉంచారా అంటే తెలీదు. గర్భసంచితోపాటు అవి కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు. 45 లోపు అలా జరిగితే ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి, అందుకే మామూలుగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోను ఇవ్వాలా అని ఆలోచించాలి. ఆ మాట ఆమెకెవరూ చెప్పి ఉండరు. అండాశయాలు ఎముకలకీ, రక్తనాళాలకీ, నిద్రకీ పనిచేస్తాయి, అంటే మొత్తం మనిషికి. పిల్లల కోసమే అనుకున్నవాళ్లకి ఆ మొత్తం మనిషి కనబడలేదు. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని ఆపేందుకు కేంద్రం 2022లో మార్గదర్శకాలు తెచ్చింది, వాటిని అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. కాగితం మీద బాగానే ఉంది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అంతే. అదే సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్లకైతే కడుపు కోయనక్కర్లేదు, మత్తు ఆ ఒక్కచోటికే, కాసేపట్లో ఇంటికి వెళ్లిపోవచ్చు. అయినా ‘ఆయన బరువులెత్తాలండీ’ అంటారు. చెప్పే ఆవిడ నెత్తిన గడ్డిమోపు మోసేదే.

మగవాడే కొలత కాబట్టి మగవాళ్లంతా సుఖంగా ఉన్నారనుకోకండి. పిల్లలు లేని జంటల్లో సుమారు సగం కేసుల్లో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష అన్ని పరీక్షల్లోకి తేలిక, చవక. అయినా ఆమెకు స్కాన్లు, ట్యూబుల పరీక్ష, హార్మోన్లు అన్నీ అయ్యాక, గుళ్లూ దర్గాలూ తిరిగాక, చివరికి ఆయన డబ్బా పట్టుకుని ల్యాబ్‌కి వెళ్తాడు, అదీ ఎవరూ చూడకుండా వేరే ఊళ్లో. ఒకతను కౌంట్ తక్కువుందన్న రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుని, ‘మా అమ్మకి తెలియకూడదు మేడమ్, ఆవిడలోనే లోపమని చెప్పండి’ అని నన్నడిగాడు. భార్య పక్కనే ఉంది, సరేనంది. నేను కుదరదన్నాను. అతని భయం చూస్తే కోపం రాలేదు. ఆ ఒక్క అంకెతో తను మనిషిగా మిగలడని అతను నిజంగానే అనుకుంటున్నాడు.

రొమ్ము క్యాన్సర్ కేసుల్లో సుమారు ఒక శాతం మగవాళ్లవి. గడ్డ చేతికి తెలిసినా సిగ్గుతో నెలల తరబడి చొక్కా విప్పరు. డిప్రెషన్ సంగతీ అంతే. మగవాళ్లలో అది చాలాసార్లు ఏడుపుగా రాదు, తాగుడుగా, కోపంగా, ‘గుండెల్లో మంట’గా వస్తుంది, మేం గ్యాస్ మాత్ర రాసేస్తాం. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అప్పులు, పంటలు, తాగుడు, కారణాలు చాలా ఉన్నాయి. కానీ ‘మగాడివై ఉండి ఏంట్రా’ అన్న మాట విన్నాక నోరు తెరవనివాళ్లు అందులో ఎందరో.

ఇక బొమ్మలోకే రానివాళ్లు. పదిహేడేళ్ల అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది, ‘మా పాప ఇంకా పెద్దమనిషి కాలేదండీ’ అని. పొడుగ్గా, ఆరోగ్యంగా ఉంది. స్కాన్‌లో గర్భసంచి కనబడలేదు. క్రోమోజోముల పరీక్షకి పంపితే ఎక్స్‌వై వచ్చింది. కొందరిలో క్రోమోజోములు మగవాళ్లవే ఉన్నా, ఒంట్లో తయారయ్యే మగ హార్మోనుని కణాలు పట్టించుకోవు. అందుకని శరీరం పూర్తిగా ఆడపిల్లలాగే పెరుగుతుంది, వృషణాలు కడుపులోనో గజ్జల్లోనో ఉండిపోతాయి. రిపోర్టు వివరించాక తండ్రి చాలాసేపు టేబుల్ వైపే చూసి, ‘అయితే మేం ఇన్నాళ్లూ పెంచింది అమ్మాయిని కాదా?’ అన్నాడు. మీ అమ్మాయే, పొద్దున ఇక్కడికొచ్చేటప్పుడు ఎవరో ఇప్పుడూ ఆ పిల్లే, పిల్లలు పుట్టరు, ఎముకల కోసం మందులు, కొన్నాళ్లకోసారి చెకప్పులు, అంతే అని చెప్పాను. అమ్మాయి అడిగింది ఒకటే: ‘హాస్టల్లో ఎవరికైనా చెప్పాలా మేడమ్?’ అక్కర్లేదన్నాను. ఇలాంటి పసిపిల్లలకి అత్యవసరమైతే తప్ప ‘ఏదో ఒకటిగా’ మార్చే ఆపరేషన్లు చేయకూడదని 2019లో మద్రాసు హైకోర్టు తీర్పిచ్చింది, తమిళనాడు ఉత్తర్వు కూడా తెచ్చింది.

దీన్నీ ట్రాన్స్‌జెండర్ అన్నదాన్నీ కలపకండి, రెండూ వేరు. ఇది పుట్టుకతో శరీరంలో ఉండే తేడా. అది తను ఎవరో తనకి తెలిసిన సంగతి. ఇద్దరికీ ఎదురయ్యే ప్రశ్న మాత్రం ఒకటే: ఆడా, మగా? ఒక హిజ్రా 104 జ్వరంతో వచ్చింది, డెంగీ. ఏ వార్డులో మంచం ఇవ్వాలన్న దాని మీద సిస్టరుకీ, వార్డుబాయ్‌కీ, డ్యూటీ డాక్టరుకీ వాదన. ఆడవాళ్ల వార్డులో అటెండెంట్లు ఒప్పుకోరు, మగవాళ్ల వార్డులో తను వెళ్లనంటుంది. నేను వెళ్లేసరికి సెలైన్ కూడా పెట్టకుండా స్ట్రెచర్ మీదే ఉంచారు. ప్లేట్‌లెట్లు పడిపోవడానికి వార్డుతో పనిలేదు కదా. నిజాం కాలంలో, 1919లో వచ్చిన చట్టం ఒకటి హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయమంది, ఆడవేషంలో బయట కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చంది. అది పుస్తకాల్లోంచి పోయింది ఎప్పుడనుకున్నారు? 2023 జులైలో, తెలంగాణ హైకోర్టు కొట్టేశాక. సుప్రీంకోర్టు 2014లోనే ట్రాన్స్‌జెండర్లని మూడో జెండర్‌గా గుర్తించమంది, తామెవరో చెప్పుకునే హక్కు వాళ్లదే అంది.

ఇదంతా చదివి మీరు ఇంకో చివరికి వెళ్లిపోకూడదు. శరీరాల మధ్య తేడాలు కల్పితమని నేనడం లేదు. మగవాళ్ల హిమోగ్లోబిన్ కొలత 13, ఆడవాళ్లది 12 అని పెట్టడంలో మగ హార్మోను టెస్టోస్టెరాన్‌కి భాగముంది, అది ఎవరి అభిప్రాయమూ కాదు. మందు రాసేటప్పుడు ఆడా మగా, బరువు, వయసు, కిడ్నీల పని అన్నీ నాకు కావాలి. అలాగే జెండర్ ఒక్కటే అన్నీ చెప్పదు. గర్భసంచి తీయించుకునేవాళ్లలో చదువు లేనివాళ్లే ఎక్కువ. కలెక్టరుగారి భార్యకి ఎవరూ ‘ఇంకెందుకది’ అనరు. లేడీ డాక్టర్లు పెరిగితే సర్దుకుంటుందన్నదీ సగమే నిజం. మేమూ ఆ 70 కిలోల మగవాడి మీదే నేర్చుకున్నాం.

మీ రెండో ప్రశ్నకి వస్తే, ఉమ్మడి మాట పోతుందన్న భయం నాకు లేదు. ఆస్పిరిన్ విషయంలో రెండో అధ్యయనం జరిగాక మనిషి గుండె గురించి మనకి తెలిసింది పెరిగింది, తగ్గలేదు. పేపర్లో రాయాల్సి వస్తే, నిర్వచనాలతో పేజీలు నింపకుండా ఇలాంటిది ఒక్కటి పట్టుకుని లోతుగా రాయండి. ఎవర్ని చూసి ‘మనిషి’ అన్నారు, ఆ లెక్కలో ఎవరు లేరు, లేకపోవడం వల్ల ఎవరికి ఏం జరిగింది. కిడ్నీల సంగతి రాస్తే ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడ శరీరాల్లో తేడా అన్న సాకు లేదు, ఆలోచనే విడిగా కనబడుతుంది.

ఇంకొకటి, చదువుకి సంబంధం లేనిది. మీ అమ్మగారికో పెద్దమ్మగారికో గర్భసంచి ఆపరేషన్ అయి ఉంటే, ఏ వయసులో అయింది, అండాశయాలు ఉంచారా తీశారా కనుక్కోండి. బీరువాలో డిశ్చార్జి కాగితం ఉంటుంది, అందులో రాసుంటుంది. తీసేసి ఉంటే ఎముకల సాంద్రత పరీక్ష గురించి దగ్గర్లో ఉన్న డాక్టరుని అడగండి. కాగితం అర్థం కాకపోతే పేరూ ఊరూ కనబడకుండా ఫొటో పెట్టండి, చూసి చెప్తాను.